స్టాన్ లారెల్ పనితనం: ముప్పై ఏళ్ల జోడీ ఎలా నడిచింది?

పాతరీలు:
లారెల్, హార్డీ అనగానే ఒక సన్నోడు, ఒక లావోడు, నెత్తిన నల్ల టోపీలు గుర్తొస్తాయి. సన్నోడు లారెల్, తెర మీద ఆయనది మట్టిబుర్ర. తెర వెనక మాత్రం గ్యాగులు (నవ్వు పుట్టించే చిన్న చిన్న చేష్టలు) కూర్చడం, సీను నడిపించడం, ఎడిటింగ్ గదిలో కూర్చుని కోతలు చెప్పడం అంతా ఆయనే. ఈ థ్రెడ్‌లో ఆ పని గురించి మాట్లాడుకుందాం. "భలే నవ్విస్తారండీ" దగ్గర ఆగిపోకుండా, ఏ సీనులో ఏం చేశారు, ఎందుకు పండింది, ఎక్కడ చెడింది అన్నది తెలిసినవాళ్లు రాయండి.

ముందు క్లుప్తంగా కెరీర్. అసలు పేరు ఆర్థర్ స్టాన్లీ జెఫర్సన్. 1890 జూన్ 16న ఇంగ్లండులోని అల్వర్‌స్టన్‌లో పుట్టారు. తండ్రి నాటకశాలల మేనేజరు, తల్లి నటి. 1906లో, పదహారో ఏట, గ్లాస్గోలోని పనాప్టికాన్‌లో స్టేజీ ఎక్కారు. 1910లో ఫ్రెడ్ కార్నో హాస్య నాటికల ట్రూపుతో అమెరికా వెళ్లారు. 1917లో మొదటి సినిమా. 1927 నుంచి ఆలివర్ హార్డీతో జోడీ. ఇద్దరూ కలిసి కనిపించిన సినిమాలు 107: మూకీ పొట్టి చిత్రాలు 32, టాకీ పొట్టి చిత్రాలు 40, పూర్తి నిడివివి 23, అతిథులుగా మెరిసినవి 12. ఆఖరి సినిమా 1951లో వచ్చింది, ఆఖరి స్టేజీ టూరు 1954లో ముగిసింది. లారెల్ 1965 ఫిబ్రవరి 23న పోయారు.

ఒక్క మనవి. పాత్రల గురించి రాసేటప్పుడు స్టాన్, ఒల్లీ అందాం. మనుషుల గురించి అయితే లారెల్, హార్డీ. రెండూ కలిపేస్తే "స్టాన్ తెలివితక్కువగా ఎడిట్ చేశాడు" లాంటి వాక్యాలొచ్చి తికమక అవుతుంది.

మూకీపిచ్చి:
మంచి పని చేశారు పాతరీలు గారూ. జోడీకి ముందున్న పదేళ్లను అందరూ దాటేస్తారు. ఆయన ఎందుకు ఆలస్యంగా పైకొచ్చారో తెలిసేది అక్కడే.

కార్నో నాటికలు మాటలు తక్కువ, ఒళ్లు ఎక్కువ. ఆ ట్రూపులో పెద్ద నటుడు చార్లీ చాప్లిన్. ఆయన ఎక్కలేని రోజున ఆ పాత్ర వేయడానికి సిద్ధంగా ఉండాల్సినవాడు లారెల్. అంటే చాప్లిన్ వేసే ప్రతి అడుగూ, ప్రతి తూలూ కంఠతా రావాలి. కార్నో దగ్గర నేర్చుకున్న ఒక సూత్రాన్ని లారెల్ తర్వాత కూడా చెప్పేవారు: ఎవడినైనా గట్టిగా బాదాక ఒక్క క్షణం దిగులుగా చూడాలి. ఆ క్షణం లేకపోతే బాదినవాడి మీద జనానికి కోపం వస్తుంది. స్టాన్ ముఖంలో తప్పు చేసిన ప్రతిసారీ కనిపించే ఆ అయోమయపు జాలిచూపుకి విత్తనం ఇక్కడే పడింది.

1913 చివర్లో చాప్లిన్ సినిమాలకి వెళ్లిపోయాక అమెరికాలో ఆ ట్రూపు నిలదొక్కుకోలేదు. లారెల్ అక్కడి వాడెవిల్ (పాటలు, ఆటలు, హాస్యం కలిపిన వినోద ప్రదర్శనల) స్టేజీల మీద తిరిగారు. పేరు మార్చుకున్నది ఆ రోజుల్లోనే. స్టాన్ జెఫర్సన్ అని ఇంగ్లీషులో రాస్తే 13 అక్షరాలు. అచ్చిరాదనుకున్నారు. లారెల్ అనే పేరు సూచించింది తోటి నటి మే డాల్‌బర్గ్.

1917 నుంచి 1926 దాకా చేసిన సొంత సినిమాల్లో రెండు లోపాలు కనిపిస్తాయి.

మొదటిది పాత్ర. అప్పుడు ఆడుతున్న పెద్ద సినిమాలకు పేరడీలు చేసేవారు. 1922లో అప్పటి స్టార్ హీరో వాలెంటినో ఎద్దుల పోరాట వీరుడిగా వేస్తే ఈయన అదే పాత్రను వెక్కిరిస్తూ ఒకటి చేశారు. ఒకసారి వీరుడు, ఒకసారి డాక్టరు, ఒకసారి దొంగ. గెంతులు, పరుగులు, పళ్లికిలింపులు బోలెడు. ఆ ఒక్క సినిమాకి నవ్వొస్తుంది, ఇంటికెళ్లాక గుర్తుపెట్టుకోవడానికి మనిషి మిగలడు. 1924, 25ల్లో నిర్మాత జో రాక్‌కి చేసిన 12 రెండు రీళ్ల (ఇరవై నిమిషాల) చిత్రాల్లోనూ ఇదే తంతు.

రెండోది ఫిల్ము. లారెల్ కళ్లు లేత నీలం. అప్పటి ఆర్థోక్రోమాటిక్ ఫిల్ము ఎరుపును పట్టదు, నీలాన్ని అవసరానికి మించి పడుతుంది. దాంతో నీలి కళ్లు తెల్లగా వెలిసిపోయి, గుడ్డివాడి చూపులా పడేవి. చూపే ఆధారంగా బతికే హాస్యనటుడికి ఇంతకంటే చేటు లేదు. అన్ని రంగులనూ సరిగా పట్టే పాన్‌క్రోమాటిక్ ఫిల్ము వాడకంలోకి వచ్చాక ఆ బెడద తీరింది. తర్వాత ఈ జోడీ సినిమాలు తీసిన నిర్మాత హాల్ రోచ్ స్టూడియోలో దాన్ని వాడదామని పట్టుబట్టింది కెమెరామన్ జార్జ్ స్టీవెన్స్, తర్వాత పెద్ద దర్శకుడైన ఆయనే.

సందేహాలరావు:
1921లో వచ్చిన "ది లక్కీ డాగ్"లో ఇద్దరూ ఉన్నారు కదండీ? మరి జోడీ 1927 అని ఎందుకంటారు?

మూకీపిచ్చి:
ఉన్నారు, జోడీగా కాదు. అందులో లారెల్ హీరో, హార్డీ ఆయన్ని నిలువుదోపిడీ చేసే దొంగ. ఇద్దరు నటులు ఒక సినిమాలో ఎదురుపడ్డారు, అంతే. ఆ తర్వాత ఎవరి దారి వారిదే.

1925లో లారెల్ రోచ్ స్టూడియోలో చేరింది రచన, దర్శకత్వం కోసం. నటనకు దాదాపు స్వస్తి చెప్పినట్టే. 1926లో హార్డీ ఇంట్లో మాంసం వండుతుంటే మరుగుతున్న కొవ్వు చేతి మీద పడి కాలింది. ఆయన వేయాల్సిన పాత్రను దర్శకుడి కుర్చీలో ఉన్న లారెల్ వేయాల్సి వచ్చింది. అలా మళ్లీ కెమెరా ముందుకొచ్చారు. 1927లో ఇద్దరూ వరసగా ఒకే సినిమాల్లో పడుతుంటే, పర్యవేక్షక దర్శకుడు లియో మెక్‌కేరీ జనం ఎక్కడ నవ్వుతున్నారో గమనించి ఇద్దరినీ ఒక జట్టుగా కట్టారు. "ది సెకండ్ హండ్రెడ్ ఇయర్స్"లో ఇద్దరూ ఖైదీలు కాబట్టి గుండు చేయించుకున్నారు. జుట్టు మళ్లీ మొలిచేటప్పుడు లారెల్‌ది పైకి నిక్కబొడుచుకుంది. జనం నవ్వారు. ఆయన దాన్ని అలాగే ఉంచేశారు.

రంగుపెట్టె:
జుట్టు సంగతి వచ్చింది కాబట్టి వేషం గురించి. ఈ జోడీని అనుకరించేవాళ్లు పొట్ట కట్టుకోవడం, మీసం అంటించుకోవడంతో సరిపెడతారు. అసలు తేడా ఇవాళ్టివాళ్లు పట్టించుకోని చోట్ల ఉంది.

బూట్లు: లారెల్ తన బూట్లకు మడమలు తీయించేసేవారు. మడమ లేని బూటుతో పాదం మొత్తం ఒకేసారి నేలకు ఆనుతుంది, మోకాలు కాస్త వదులవుతుంది, ఒళ్లు వెనక్కి వాలుతుంది. ఆ ఈడ్పు నడక నటించి తెచ్చింది కాదు, బూటే తెప్పిస్తుంది. మామూలు బూట్లతో ఆ నడక పెట్టబోతే పది అడుగుల తర్వాత పోతుంది.

మెడ: స్టాన్‌కి బో టై, ఒల్లీకి పొడుగు టై. ఇది అలంకారం కోసం పెట్టింది కాదు. ఒల్లీ సిగ్గుపడ్డప్పుడు టై కొసను వేళ్లతో ఆడించాలి, అందుకు కొస కావాలి.

ముఖం: లారెల్ ముఖానికి లేత రంగు పూసి, కళ్లు చిన్నవిగా కనిపించేలా గీతలు దిద్దేవారు. నలుపు తెలుపులో అది చంటిపిల్లవాడి ముఖంలా ఖాళీగా పడుతుంది. అందుకే కంప్యూటరుతో రంగులద్దిన ప్రింట్లు నాకు నచ్చవు. ఆ మేకప్ రంగుల కోసం వేసింది కాదు. రంగు పడగానే ఖాళీతనం పోయి సున్నం కొట్టినట్టుంటుంది.

టోపీలు: ఇద్దరివీ డెర్బీ (గుండ్రటి గిన్నెలాంటి గట్టి) టోపీలే, లారెల్ టోపీ అంచు చదునుగా ఉంటుంది. ఒల్లీ తల పెద్దది. టోపీలు తారుమారైతే స్టాన్ టోపీ ఒల్లీ నడినెత్తిన గిన్నెలా నిలబడుతుంది, ఒల్లీ టోపీ స్టాన్ చెవుల మీదకి జారుతుంది. కొలతల్లో ఆ తేడా లేకపోతే టోపీల గ్యాగే లేదు.

సందేహాలరావు:
ఆ టోపీల గ్యాగ్ ఎన్నిసార్లు చూసినా నవ్వొస్తుంది. స్టేజీ మీద ఇద్దరు చేస్తే మాత్రం రెండోసారికే చప్పబడిపోతుంది. ఎందుకంటారు?

రంగుపెట్టె:
వరస చూడండి. ఇద్దరూ కిందపడతారు. రెండు టోపీలూ నేల మీద. స్టాన్ వంగి రెండూ తీసి, తన చేతికందినది ఒల్లీకి ఇస్తాడు. ఒల్లీ చూసుకోకుండా దర్జాగా పెట్టుకుంటాడు. అక్కడ ఒక విరామం. టోపీ సరిపోలేదని ముందు తలకి తెలుస్తుంది, తర్వాత ముఖానికి, ఆ తర్వాతే చేతికి. ఒల్లీ టోపీ తీసి చూసి, స్టాన్ నెత్తిన ఉన్నది లాక్కుని, తన చేతిలోది వాడికి తగిలిస్తాడు. మళ్లీ ఏదో జరిగి టోపీలు పడతాయి. ఈసారి ఒల్లీ ముందే జాగ్రత్తపడి స్టాన్ ఇవ్వబోయేది తోసేసి రెండోది తీసుకుంటాడు. ఈసారి స్టాన్ ఇవ్వబోయిందే సరైనది.

స్టేజీ మీద చెడేది రెండు చోట్ల. ఒకటి, టోపీ సరిపోలేదని ఇద్దరికీ ఒకేసారి తెలిసిపోతుంది. స్టాన్‌కి తెలియకూడదు. చెవులు మూసుకుపోయినా వాడు హాయిగానే ఉండాలి. రెండు, ఒల్లీ వేసేవాడు మొదటిసారే కోప్పడిపోతాడు. మొదటిసారి కోపం రాకూడదు, ఓపిక కనిపించాలి. కోపం మూడోసారికి దాచుకోవాలి.

కత్తెరపట్టు:
రంగుపెట్టె గారు చెప్పిన ఆ "విరామం" దగ్గరే లారెల్ ఎడిటింగ్ ప్రతిభ ఉంది. కొంచెం లెక్కలు చెబుతాను.

35 మిల్లీమీటర్ల ఫిల్ములో అడుగుకి 16 ఫ్రేములు. టాకీల్లో సెకనుకి 24 ఫ్రేములు కదా, అంటే సెకనుకి అడుగున్నర ఫిల్ము. వెయ్యి అడుగుల రీలు సుమారు 11 నిమిషాలు. రెండు రీళ్ల చిత్రమంటే ఇరవై నిమిషాల చిల్లర. హాల్లో ఒక నవ్వు నాలుగు సెకన్లు నిలిస్తే, దానికి ఆరడుగుల ఫిల్ము వదిలిపెట్టాలి. వదలకపోతే తర్వాతి డైలాగు నవ్వులో కొట్టుకుపోతుంది.

వదిలిన ఆ ఆరడుగుల్లో తెర మీద ఏముండాలి? ఖాళీ ఉంటే జనం నవ్వు ఆపగానే సీను చచ్చిపోతుంది. లారెల్ అక్కడ హార్డీ ముఖం పెట్టేవారు. ఒల్లీ తిన్నగా కెమెరాలోకి చూస్తాడు, "చూశారా నా ఖర్మ" అన్నట్టు. జనం నవ్వుతున్నంతసేపు ఆ చూపు పనికొస్తుంది. నవ్వు చిన్నదైతే చూపు కత్తిరించొచ్చు, పెద్దదైతే పొడిగించొచ్చు. కత్తిరింపుకి దొరికే బట్ట అదే.

పద్ధతి ఇలా ఉండేది: సినిమా కూర్చి, స్టూడియో చుట్టుపక్కల హాళ్లలో ప్రివ్యూ వేసేవారు. ఎక్కడ ఎంతసేపు నవ్వారో చూసుకునేవారు. తిరిగొచ్చి ఆ చోట్ల నిడివి మార్చేవారు. నవ్వు రాని గ్యాగ్ ఎంత ఖర్చుపెట్టి తీసిందైనా పోయేది.

ఇవాళ ఇంట్లో ఒక్కరే కూర్చుని చూసేవాళ్లు "స్లోగా ఉంది" అనడానికి కారణం ఇదే. వందలమంది నవ్వు కోసం వదిలిన జాగాలో ఒక్కరే కూర్చున్నారు. పదిమందిని పోగేసి చూడండి, అదే సినిమా పరిగెడుతుంది.

దర్శకుడిగా పేరు వేరేవాళ్లదే ఉండేది. సెట్‌లో గ్యాగ్ ఎలా నడవాలో, ఏ షాట్ ఎంత దూరం నుంచి తీయాలో తేల్చేది మాత్రం లారెల్. సాయంత్రం షూటింగ్ అవగానే హార్డీ గోల్ఫ్ ఆడటానికి వెళ్లేవారు, లారెల్ ఎడిటింగ్ గదికి. జీతం లారెల్‌కి ఎక్కువ. ఆ పని తను చేయట్లేదు కాబట్టి అది న్యాయమేనని హార్డీ ఒప్పుకున్నారు. జోడీ అన్నేళ్లు నిలవడానికి ఇదో బలమైన కారణమని నా నమ్మకం.

పాతరీలు:
రోచ్ దగ్గర వీలైనంతవరకూ కథ వరసలోనే షూట్ చేసేవారు, అది కూడా చేర్చాలి. పొద్దున తీసిన సీనులో ఏదో కొత్తది పుడితే మధ్యాహ్నం సీనులో దాన్ని పెంచుకోవచ్చు. వరస తప్పించి తీస్తే, ఆఖరి గొడవ ముందే తీసేసి ఉంటారు, మధ్యలో పుట్టినదానికి చోటుండదు.

సందేహాలరావు:
"నువ్వొకటి, నేనొకటి" అంటూ వస్తువులు పగలగొట్టుకునే సీన్ల గురించి ఎవరైనా వివరంగా చెప్పండి. మా నాటక బృందాల్లో అందరూ ఎత్తుకునేది అదే, ఎప్పుడూ తేలిపోయేదీ అదే.

కత్తెరపట్టు:
దానికి పాఠ్యపుస్తకం "బిగ్ బిజినెస్", 1929. మూకీ, రెండు రీళ్లు. ఎండ కాస్తున్న కాలిఫోర్నియాలో స్టాన్, ఒల్లీ ఇంటింటికీ తిరిగి క్రిస్మస్ చెట్లు అమ్ముతుంటారు. ఒక ఇంటి తలుపు కొడతారు. ఆ ఇంటాయనగా వేసింది నటుడు జేమ్స్ ఫిన్లేసన్. ఆయన వద్దంటాడు. తలుపు మూస్తే చెట్టు కొమ్మ ఇరుక్కుంటుంది. మళ్లీ గంట కొడతారు. ఇంకోసారి కోటు ఇరుక్కుంటుంది. మళ్లీ గంట. ఇంతవరకూ ఎవరికీ ఎవరి మీదా పగ లేదు, తలుపుదే తప్పు.

ఫిన్లేసన్‌కి చిర్రెత్తి కత్తెర తెచ్చి చెట్టును ముక్కలు చేస్తాడు. అక్కడ మొదలు. వీళ్లు గుమ్మం దగ్గర చిన్న వస్తువు పాడు చేస్తారు. ఆయన టై కత్తిరిస్తాడు. వీళ్లు ఇంటికి ఇంకొంచెం నష్టం చేస్తారు. చివరికి ఆయన వీళ్ల కారును తునాతునకలు చేస్తుంటాడు, వీళ్లు ఆయన ఇంటిని. పోలీసు ఒకడు వచ్చి దూరం నుంచి చూస్తూ పుస్తకంలో రాసుకుంటుంటాడు.

నడిపించే నియమాలు నేను గమనించినంతలో ఇవి. ఒకరు పాడు చేస్తున్నంతసేపు రెండోవాడు అడ్డుపడడు, నిలబడి చూస్తాడు. ప్రాణం దీనిలోనే ఉంది. అడ్డుపడ్డాడా, అది కొట్లాట అయిపోతుంది, కొట్లాట ఎవరైనా చేస్తారు. చూడటం వల్ల చేసేవాడు తీరిగ్గా, నీటుగా, ఒక పనివాడిలా చేయగలడు. తర్వాత, ప్రతి దెబ్బ ముందుదానికంటే ఒక్క మెట్టే ఎక్కువ. కొమ్మ నుంచి ఒకేసారి కారు మీదకి దూకితే మధ్యలోని పన్నెండు నవ్వులు పోతాయి. ఇంకొకటి, దెబ్బ మనిషికి తగలదు, వస్తువుకి తగులుతుంది. ఒళ్లు గాయమైతే జనం నవ్వడం మానేస్తారు.

నాటక బృందాల్లో తేలిపోవడానికి కారణం సాధారణంగా మొదటిదే. నిలబడి చూడాల్సినవాడికి చేతులు ఊరుకోవు. "ఆగు, ఏయ్" అంటూ అరుస్తాడు. అరిస్తే జనం కళ్లు వాడి మీదకి పోతాయి, పగులుతున్న వస్తువు మీద ఉండవు. రిహార్సల్లో ఆ పాత్ర వేసేవాడి చేతులు జేబుల్లో పెట్టించండి.

మూకీపిచ్చి:
ఆ సినిమాలో పొరపాటున వేరేవాళ్ల ఇల్లు పగలగొట్టేశారని ఒక కథ తిరుగుతుంటుంది. హాల్ రోచ్ చాలా ఏళ్లు చెప్పారు. లారెల్ అది నిజం కాదన్నారు. దాన్ని వాస్తవంగా రాయకండి.

అలాగే "ది బ్యాటిల్ ఆఫ్ ది సెంచరీ" (1927)లో "పై"ల (pie, క్రీము నింపిన తీపి వంటకం) యుద్ధం గురించి అందరూ పైల సంఖ్య మాట్లాడతారు. సంఖ్య కంటే ఎలా మొదలైందో చూడాలి. బీమా డబ్బు కోసం స్టాన్ జారిపడాలని ఒల్లీ అరటి తొక్క పడేస్తాడు. జారిపడింది పైలు మోసుకొచ్చేవాడు. వాడు ఒల్లీ ముఖాన ఒకటి కొడతాడు. ఒల్లీ విసిరింది దారిన పోయే ఒకామెకి తగులుతుంది. ఇలా ప్రతి పైకీ ఒక కారణం, ఒక చిరునామా ఉంటాయి. వీధి మొత్తం నిండాక నటి అనితా గార్విన్ మూల తిరిగి వస్తూ జారి ఒక పై మీద కూర్చుండిపోతుంది. ఏం జరిగిందో ఆమెకు అర్థం కాదు. లేచి, కాలు ఒకసారి అతి మర్యాదగా విదిల్చి వెళ్లిపోతుంది. అంత గోలలోనూ అందరికీ గుర్తుండేది ఆ ఒక్క విదిలింపే. ఈ సినిమా రెండో రీలు పూర్తిగా దొరికింది 2015లోనే. అదే ఏడాది తీసిన "హ్యాట్స్ ఆఫ్" మాత్రం ఇప్పటికీ దొరకలేదు. వాషింగ్ మెషీను మోసుకుంటూ మెట్లెక్కే ఆ కథే తర్వాత పియానోగా మారి "ది మ్యూజిక్ బాక్స్" అయింది. మెట్లు కూడా అవే, లాస్ ఏంజెలెస్ వెండోమ్ స్ట్రీట్‌లో ఉన్నవి.

పాతరీలు:
"ది మ్యూజిక్ బాక్స్" 1932. మూడు రీళ్లు. పొట్టి హాస్యచిత్రాల విభాగంలో మొట్టమొదటి ఆస్కార్ దానిదే. వీళ్ల వ్యాపారం పెట్టుబడి 3 డాలర్ల 80 సెంట్లు అని మొదట్లోనే కార్డు వేస్తారు. కథ ఒక్క వాక్యం: పియానో పెట్టెను మెట్ల మీదుగా కొండమీది ఇంటికి చేర్చాలి. ఎన్నిసార్లు జారి కిందికి వచ్చిందో లెక్కపెట్టుకునేలోపే ఎలాగో పైకి చేరుస్తారు. అప్పుడు పోస్టుమాన్ వచ్చి, పక్కన బండి దారి ఉంది కదా, దాని మీద రావాల్సింది అంటాడు. వెంటనే ఇద్దరూ పియానోను మళ్లీ మెట్ల మీదుగా కిందికి దింపి, బండిలో వేసి, ఆ దారిన పైకి తెస్తారు.

వాళ్ల ముఖాల్లో ఒక్క క్షణం కూడా సందేహం ఉండదు. స్టాన్‌కి తెలివి లేదు, ఒల్లీకి ఉందనుకుంటాడు. ఇద్దరిలో ఒక్కరికి నిజంగా తెలివి ఉన్నా ఆ పియానో కిందికి దిగేది కాదు. మిగతా హాస్య జంటల్లో ఒకడు వెర్రివాడు, ఇంకొకడు తెలివైనవాడు. ఇక్కడ ఇద్దరూ ఒకటే, ఒల్లీ బెట్టు ఎక్కువ చూపిస్తాడంతే. లారెల్ ఎప్పటికీ మార్చని కొలత ఇది.

స్వరాలపెట్టె:
టాకీల సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి కొంచెం. మూకీ హాస్యనటులు చాలామంది మాట రాగానే కూలిపోయారు. వీళ్లు 1929లో "అనకస్టమ్డ్ యాజ్ వుయ్ ఆర్"తో టాకీల్లోకి నిమ్మళంగా నడిచొచ్చారు. లారెల్‌ది ఇంగ్లీషు యాస, హార్డీది జార్జియా యాస. గొంతులు ముఖాలకు అతికాయి. మాటలు తక్కువే రాసుకున్నారు. ఇంకో లాభమూ ఉంది: దెబ్బను చూపించకుండా వినిపించవచ్చు. ఒల్లీ ఇంట్లోకి వెళ్తాడు, తలుపు మూసుకుంటుంది, లోపల పెద్ద చప్పుడు. తెర మీద స్టాన్ ముఖం ఒక్కటే. ఆ చప్పుడుకి తగ్గట్టు పడటాన్ని మనమే ఊహించుకుంటాం.

కూ కూ అంటూ మొదలయ్యే వాళ్ల సిగ్నేచర్ బాణీ మార్విన్ హాట్లీది.

1930, 31ల్లో డబ్బింగ్ ఇంకా కుదరక, ఒకే సినిమాను స్పానిష్, ఫ్రెంచ్, జర్మన్ భాషల్లో మళ్లీ తీసేవారు. వీళ్లకి ఆ భాషలు రావు. మాటల ఉచ్చారణను ఇంగ్లీషు అక్షరాల్లో బోర్డు మీద రాసి కెమెరా పక్కన పెడితే, అది చూస్తూ చెప్పేవారు. ఆ వంకర ఉచ్చారణే అక్కడి జనానికి నచ్చింది. ఇటలీలో తర్వాత డబ్బింగ్ చేసినప్పుడు కూడా ఆ విదేశీ యాసను అలాగే ఉంచారు. హార్డీకి గొంతు ఇచ్చినవారిలో ఇటలీ నటుడు ఆల్బెర్టో సోర్డీ ఉన్నారు.

"వే అవుట్ వెస్ట్" (1937)లో పాట పాడుతూ స్టాన్ గొంతు ఉన్నట్టుండి పాతాళానికి పడిపోతుంది. అది నటుడు చిల్ విల్స్ గొంతు. ఒల్లీ సుత్తితో నెత్తిన ఒకటి మొట్టగానే ఆడగొంతు వస్తుంది. అది నటి రోసినా లారెన్స్‌ది. ఆ పాట రికార్డు 1975లో బ్రిటన్ పాటల పట్టికలో రెండో స్థానానికి ఎక్కింది. అప్పటికి లారెల్ పోయి పదేళ్లు.

సందేహాలరావు:
ఒల్లీ ఊతపదం "అనదర్ ఫైన్ మెస్" అంటారు కొందరు, "నైస్ మెస్" అంటారు ఇంకొందరు. ఏది సరైనది?

స్వరాలపెట్టె:
తెర మీద ఒల్లీ అనేది "నైస్". 1930 నాటి ఒక పొట్టి చిత్రానికి పేరు "అనదర్ ఫైన్ మెస్" అని పెట్టడంతో జనం నోట్లో రెండూ కలిసిపోయాయి.

రంగుపెట్టె:
ఇద్దరు కలిసి సాధన చేయడానికి ఒక చిన్న పాఠం చెబుతాను. 1933 నాటి "ఫ్రా డియావొలో"లో స్టాన్ ఖాళీగా కూర్చున్నప్పుడు ఒక చేతి ఆట ఆడతాడు. రెండు చేతులతో రెండు మోకాళ్ల మీద చరచాలి. వెంటనే ఎడమ చేత్తో ముక్కు పట్టుకుని, కుడి చేతిని అడ్డంగా తెచ్చి ఎడమ చెవి పట్టుకోవాలి. మళ్లీ మోకాళ్లు. ఈసారి కుడి చేత్తో ముక్కు, ఎడమ చేత్తో కుడి చెవి.

చాలామందికి నాలుగో దఫాకి రెండు చేతులూ ముక్కు దగ్గరే ఢీకొంటాయి. కారణం, ముక్కు పట్టే చెయ్యి ముందు చేరాలి, చెవి చెయ్యి దాని బయటినుంచి దాటాలి. రెండూ ఒకేసారి లేపితే తగులుకుంటాయి. నెమ్మదిగా ఇరవైసార్లు చేసి, తర్వాతే వేగం పెంచండి. సినిమాలో స్టాన్ దీన్ని అలవోకగా చేస్తాడు, తెలివైనవాడినని నమ్మే ఒల్లీకి అది రాదు. మాట లేకుండా ఇద్దరి కొలతలూ తారుమారు చేసిన సీను అది.

కత్తెరపట్టు:
ఇక దిగిపోయిన కథ. రోచ్ ఇద్దరి ఒప్పందాలనూ విడివిడిగా, వేర్వేరు గడువులతో రాయించుకునేవారు. ఒకరిది ముగిసినప్పుడు ఇంకొకరిది నడుస్తుంటుంది. ఇద్దరూ కలిసి బేరమాడే వీలు లేదు. లారెల్ ఒప్పందం తెగినప్పుడు హార్డీ 1939లో మరో హాస్యనటుడు హ్యారీ లాంగ్డన్‌తో "జెనోబియా" చేయాల్సొచ్చింది. 1940లో "సాప్స్ ఎట్ సీ" తర్వాత ఇద్దరూ రోచ్‌ను వదిలేశారు.

1941 నుంచి 45 మధ్య ఫాక్స్‌కి ఆరు, ఎం.జి.ఎం.కి రెండు చేశారు. పెద్ద స్టూడియోలు, పెద్ద హాళ్లు. సినిమాలు మాత్రం పేలవం. నటులిద్దరూ వాళ్లే, మరి ఏం పోయింది? స్క్రిప్టు ముందే బిగించి ఇచ్చేవారు. షూటింగ్ వరసలో ఉండదు. ఎడిటింగ్ గదిలోకి లారెల్‌కి ప్రవేశం లేదు. మేకప్ కూడా సహజంగా ఉండాలని మార్చేశారు, దాంతో పాత్రల వయసు ముఖాల మీద కనిపించింది. యాభై దాటిన మనిషి వెర్రిపని చేస్తే చంటిపిల్లాడి అమాయకత్వంలా కనిపించదు. జాలేస్తుంది. ఒక్కొక్కటి చిన్న మార్పే. అన్నీ కలిసి జోడీని పడేశాయి. రోచ్ కాలం సినిమా ఒకటి, ఫాక్స్ కాలంది ఒకటి పక్కపక్కన పెట్టి, ఒల్లీ కెమెరా చూపులు ఎన్నిసార్లు, ఎంతసేపు ఉన్నాయో కొలవండి. తేడా కళ్లకు కడుతుంది.

పాతరీలు:
ఆ తర్వాతి కాలాన్ని స్టేజీ నిలబెట్టింది. 1947, 1952, 1953–54ల్లో బ్రిటన్ టూర్లు. 1947కి డ్రైవింగ్ లైసెన్సు స్కిట్టు. 1952కీ, 1953కీ కొత్త స్కిట్లు లారెలే రాశారు. 1953 సెప్టెంబరు 9న ఐర్లండ్‌లోని కోవ్ రేవులో ఓడ దిగుతుంటే కెథడ్రల్ గంటలు వాళ్ల కూ కూ బాణీ వాయించాయి. 1954 మేలో ప్లిమత్‌లో హార్డీకి గుండెపోటు రావడంతో టూరు ఆగిపోయింది.

2018లో వచ్చిన "స్టాన్ అండ్ ఒల్లీ" చూసినవాళ్లు జాగ్రత్త. నటన అద్భుతం, అందులో మాట లేదు. కానీ మూడు టూర్లనూ ఒకటిగా కుదించారు. "జెనోబియా" మీద ఇద్దరి మధ్య ఏళ్లతరబడి నలిగిన పగ సినిమా కోసం అల్లినది.

1951 నాటి ఆఖరి సినిమా "అటోల్ కె" ఫ్రాన్సులో తీశారు. షూటింగ్ మధ్యలో లారెల్ తీవ్రంగా జబ్బుపడ్డారు, ఆ నీరసం తెర మీద స్పష్టంగా కనిపిస్తుంది. అభిమానులు దాన్ని మొదటగా చూడకండి.

హార్డీ 1957 ఆగస్టు 7న పోయారు. లారెల్ ఆరోగ్యం బాగోక అంత్యక్రియలకు వెళ్లలేకపోయారు. ఆ తర్వాత ఎవరితోనూ, ఎంత అడిగినా, తెర మీదకి రాలేదు. 1961లో గౌరవ ఆస్కార్ ఇచ్చారు, ఆయన తరఫున నటుడు డానీ కే అందుకున్నారు. శాంటా మోనికాలో చిన్న అపార్టుమెంటులో ఉండేవారు. ఫోను నంబరు డైరెక్టరీలో అందరికీ కనిపించేలా ఉండేది. ఉత్తరాలకు స్వయంగా జవాబులు టైపు చేసేవారు. హార్డీ లేకపోయినా ఇద్దరి కోసం గ్యాగులు రాసుకుంటూనే ఉన్నారు.

సందేహాలరావు:
నేర్చుకోవడానికి చూడాలంటే ఏ వరసలో చూడమంటారు? ఏ ప్రింటు?

కత్తెరపట్టు:
"బిగ్ బిజినెస్", "ది మ్యూజిక్ బాక్స్", తర్వాత పూర్తి నిడివివి రెండు: "సన్స్ ఆఫ్ ది డెజర్ట్" (1933), "వే అవుట్ వెస్ట్". ఒక్కోదాన్ని రెండుసార్లు చూడండి. మొదటిసారి మామూలుగా. రెండోసారి శబ్దం తీసేసి, కాగితం దగ్గర పెట్టుకుని, ఒల్లీ కెమెరాలోకి చూసిన ప్రతిసారీ ఎన్ని సెకన్లో రాయండి. పక్కన, దానికి ముందు స్టాన్ ఏం చేశాడో రాయండి. రెండు కాలమ్‌లు చాలు.

ప్రింటు విషయంలో, 2020లో వచ్చిన పునరుద్ధరించిన సెట్ బాగుంది. రంగులద్దినవి వద్దు. పాత యూరప్ టీవీ కాపీలు సెకనుకి 24 ఫ్రేముల సినిమాను 25తో నడిపిస్తాయి, అంటే 4 శాతం వేగం. ఇరవై నిమిషాల సినిమా 19 నిమిషాల 12 సెకన్లకే అయిపోతుంది, గొంతులు కూడా కాస్త పైకెక్కుతాయి. కొలవబోయేది సెకన్లే కాబట్టి, ముందు మీ కాపీ మొత్తం నిడివి సరిచూసుకుని మొదలుపెట్టండి.